మస్టరులో ఎక్కని పేరు

మొన్న శనివారం మధ్యాహ్నం ప్రార్థన మందిరం తాళం తీసి మొదటి కుర్చీ మీద చెయ్యి వేస్తే అరచేతికి నల్లటి దుమ్ము మెత్తగా అంటుకుంది. గోపాలపట్నంలో మా మందిరం మెయిన్ రోడ్డు మీద, ఒక టైర్ల షాపు పైన రెండో అంతస్తులో ఉంటుంది. లారీలు పోతూనే ఉంటాయి, కిటికీలు మూసినా దుమ్ము ఆగదు. మూడు వారాలుగా ఇదే వరస. పోయిన ఆదివారం ఆరాధన అయి ఇంటికెళ్ళాక నా తెల్ల పంచె వెనక ఎంత నల్లగా అయిందో మా ఆవిడ నలుగురిలో చూపించి మరీ నవ్వింది. అందుకే ఈసారి నేనే వచ్చాను. డెబ్బై దాటినవాడిని, మెట్లెక్కేసరికే మోకాళ్ళు మొరాయించాయి. నలభై కుర్చీలు కనిపించగానే నీరసం వచ్చింది. మా సంఘంలో పాడటానికి పోటీ పడతారు, ప్రార్థన చేయమంటే మైకు వదలరు, కుర్చీ తుడవడానికి మాత్రం ఒక్క చెయ్యీ దొరకదు. అలా గొణుక్కుంటూ పాత తువ్వాలు తడిపి మొదలుపెట్టాను. నాలుగు కుర్చీలయ్యేసరికి తడిసిన దుమ్ము వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనతో పాటు ఒక చెయ్యి గుర్తొచ్చింది. చాప మీద మెల్లగా రాసుకుంటూ పోయే, గాజుల్లేని, ఎముకలు తేలిన ముసలి చెయ్యి.

అంతలో మా సంఘ కార్యదర్శి సుధీర్ వచ్చాడు. బ్యాంకులో పని చేస్తాడు, చురుకైనవాడు. వస్తూనే ఫోను నా ముఖం ముందు పెట్టి, "చూడండంకుల్, వరసగా మూడు వారాలు రానివాళ్ళు తొమ్మిది మంది. ఈ లిస్టు మన గ్రూపులో పెట్టేద్దాం. సిగ్గుపడైనా వస్తారు" అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు. దాదాపు యాభై ఏళ్ళ కిందట, అతని వయసులో, అక్షరం పొల్లుపోకుండా నేనే అన్నాను. "కాస్త ఆగు నాయనా" అని, తుడిచిన కుర్చీ ఒకటి లాక్కుని కూలబడ్డాను.

సంతోషమ్మ గారిని మీరెవరూ ఎరగరు. ఆమె ఫోటో ఒక్కటి కూడా ఎక్కడా లేదు. విశాఖపట్నం వన్ టౌన్‌లో రేవుకు దగ్గరగా ఒక సందు, ఆ సందులో చింతపండు గోడౌను, ఆ గోడౌను పైన పెంకుల గది. అదే మా మందిరం. పెద్దవాళ్ళం ముప్పై మందికి మించి ఎప్పుడూ లేము. అయిదు సంఘాలు చూసుకునే పాస్టరు అయ్యగారు నెలకోసారి, మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం ఇవ్వడానికి వచ్చేవారు. తక్కిన రోజులన్నీ సంతోషమ్మ గారివే. ఎప్పుడో మిషను వాళ్ళు, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పడానికి, బైబిల్ స్త్రీగా పెట్టుకున్న మనిషి. చిన్నతనంలోనే భర్త పోయాడు, పిల్లల్లేరు. ముతక తెల్లచీర, గుడ్డసంచీ, ఊచ విరిగిన గొడుగు. వన్ టౌన్‌లో దుకాణాల వాళ్ళు, ఏ మతం వాళ్ళైనా, ఆమెను బైబిలమ్మ అనే పిలిచేవారు. పిల్లలకు జ్వరమొస్తే తడిగుడ్డ వేసి కూర్చోవడానికి హిందువుల ఇళ్ళ నుంచి కూడా కబురొచ్చేది. ఆమె వెళ్ళేది.

ఆదివారం తెల్లవారగానే ఆమె మందిరంలో చాపలు పరిచేది. రేవులో ఓడలకెత్తే ఇనుప ఖనిజం దుమ్ము ఆ రోజుల్లో వన్ టౌన్ అంతా ఎర్రగా పడేది. బట్టల మీద, మంచినీళ్ళ కుండ మూత మీద, అన్నిటి మీదా అదే. చాపలు పరిచి గంటయ్యేసరికి వాటి మీద పలచగా ఎర్రటి పొర. జనం వచ్చి కూర్చుంటే ఆ పొర వాళ్ళ బట్టలకు తుడుచుకుపోయేది. మా సంఘంలో ఎవరి చోటు వాళ్ళదే, ఏళ్ళ తరబడి మారదు. ఆరాధన అయ్యాక ఆమె వంగి చాపలు చుట్టే ముందు అరచెయ్యి వాటి మీద రాసుకుంటూ పోయేది. ఎర్రగా అంటిన చోట ఆగేది. "అన్నమ్మోల్లు రానేదు" అనుకునేది తనలో తను. సోమవారం ఆ ఇంటికి వెళ్ళేది. అంతే, అదే ఆమె లెక్క, అదే ఆమె పని.

నేను గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాడిని. డెబ్బైల నడుమ సంగతి. రేవులో కూలీల్ని పెట్టే ఒక కంట్రాక్టరు దగ్గర టైం ఆఫీసులో గుమాస్తాని. ఖలాసీల హాజరు వేయడం, షిఫ్టుల చార్టు రాయడం, సెలవు చీటీల మీద సంతకం పెట్టడం నా పని. పాతికేళ్ళ వయసు, గుండ్రటి చేతిరాత, బోలెడు గర్వం. మా ఊళ్ళో మందిరం పెద్దది, గంట మోగితే మూడొందల మంది వస్తారు. అలాంటి చోటు నుంచి వచ్చిన నాకు చింతపండు వాసన మధ్య ముప్పై మంది నాసిరకంగా పాడే పాట వింటే ఒళ్ళు మండేది. "ఎన్నేళ్ళయినా ముప్పై మందేనా అమ్మగారూ? మైకులు పెట్టి మూడు రోజులు సభలు జరిపిస్తే ఊరంతా కదలదూ?" అన్నానొకసారి. ఆమె చాప చుడుతూనే, "ముందు ఉన్నోల్లు బాగుండాల కదేటి టైం బాబూ. ఒంట్లో బాగోనోడికి కొత్త బట్టలేత్తే ఏటి లాబం?" అంది. నాకు టైం బాబు అని పేరు పెట్టింది ఆమే. నాకంటే ముందు ఆ పేరే సంఘమంతా తిరిగింది.

నా చేతిరాత చూసి అయ్యగారు నన్ను సంఘ కార్యదర్శిని చేశారు. అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. ఆఫీసు మస్టరు లాంటి పుస్తకమే ఒకటి తెచ్చి, గీతలు గీసి, అందరి పేర్లు వరసగా రాసి, ప్రతి ఆదివారం హాజరు వేయడం మొదలుపెట్టాను. వచ్చినవాళ్ళకు సున్నా చుట్టేవాడిని, రానివాళ్ళకు ఎర్ర సిరాతో అడ్డగీత. ఆఫీసులో వరసగా మూడు నాగాలైతే నోటీసు. ఇక్కడ కూడా, వరసగా మూడు వారాలు రానివాళ్ళ పేర్లు సంస్కారం ముందు చదవాలని అయ్యగారిని ఒప్పించాను. సిగ్గుపడైనా వస్తారన్నాను. సంతోషమ్మ గారికి ఆ సంగతి ముందురోజే తెలిసింది. మెట్ల దగ్గర నన్ను ఆపి, "సదవకు బాబూ. సదివే ముందు ఆల్లింటికి ఒక్కసారి ఎల్లిరా" అని బతిమాలింది. "రూలంటే రూలేనండి, మీరు మెత్తబడే ఇదంతా ఇలా ఉంది" అన్నాను. పెద్దావిడతో ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.

ఆ ఆదివారం నాలుగు పేర్లు చదివాను. నాలుగోది కొండయ్య. రేవులో ఖలాసీ, మా కంట్రాక్టరు మనిషే. అక్షరం రాదు, పెద్దగా మాట్లాడడు. "కొండయ్య, వరసగా ఆరు వారాలు గైరుహాజరు" అని ఆఫీసు గొంతుతో చదివాను. ఆడవాళ్ళ వైపు అతని భార్య మార్తమ్మ, పన్నెండేళ్ళ కూతురు రూతు కూర్చుని ఉన్నారు. వాళ్ళు ఒక్క వారమూ మానలేదు, వాళ్ళ పేర్ల పక్కన అన్నీ సున్నాలే. నలుగురూ వాళ్ళ వైపు తిరిగి చూశారు. మార్తమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లేచింది. రూతు మాత్రం లేచి నిలబడి నన్ను సూటిగా చూసింది, ఆ తరవాతే తల్లి వెంట మెట్లు దిగింది. సంస్కారం తీసుకోకుండానే వెళ్ళిపోయారు. నాకు ఆ క్షణాన, మందు పని చేస్తోందనే అనిపించింది.

అందరూ వెళ్ళాక సంతోషమ్మ గారు చాపలు చుట్టలేదు. మధ్యలో కూర్చుండిపోయింది. "బాబూ, ఆడు రానేదని రాసినావు. ఎందుకు రానేదో రాసినావా?" అంది. ఆ తరవాత చెప్పింది. కొండయ్యకు ఆ మూడు నెలలూ వారపు సెలవు ఆదివారం పడింది. అతని గ్యాంగులో కొత్తగా మా మందిరానికి రావడం మొదలుపెట్టిన కుర్రాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళకు సెలవు బుధవారమో గురువారమో. ఆదివారం రాలేకపోతే వీళ్ళు నిలవరని కొండయ్యకు దిగులు. అందుకని వారానికొకడికి తన ఆదివారం ఇచ్చేసి, వాడి డ్యూటీ తను చేసి, వాడి సెలవు తను పుచ్చుకుంటున్నాడు. తనకోసమే ఒకటి రెండుసార్లు చేశాడని ఒక్కొక్కడూ అనుకుంటున్నాడు. అందుకే పేరు చదివినప్పుడు, ఆ వారం వచ్చిన కుర్రాడు కూడా నోరు మెదపలేదు. "ఎవులికీ సెప్పొద్దని నాకాడ మాట తీసుకున్నాడు. ఆడి సెలవు రోజున నానెల్లి ఆదివారం వాక్యం ఆడొక్కడికీ సెప్తన్నాను. నిన్న నీకు సెప్పీవల్సింది. మాటని పట్టుకుని నోరు మూసుకున్నాను. నాదీ తప్పే" అంది. అంటూ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి డ్యూటీ మార్చుకునే చీటీల కట్ట తీశాను. ఆరు చీటీలు. ఆరింటి మీదా కొండయ్య వేలిముద్ర, పక్కన మార్చుకున్న కుర్రాడి సంతకం, కింద మంజూరు చేసినట్టు నా పొట్టి సంతకం. శనివారం నా చేత్తో సంతకం పెట్టి అతన్ని ఆదివారం డ్యూటీకి పంపాను, ఆదివారం అదే చేత్తో అతను రాలేదని ఎర్రగీత గీశాను. ఒక్కసారి కాదు, ఆరుసార్లు. రెండు పుస్తకాలూ నావే, రెండింట్లోనూ అదే పేరు, అదే చేతిరాత. ఆ చీటీలు చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. పక్క గుమాస్తా టీ తెచ్చి పెడితే అది చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను.

తరవాతి ఆదివారం కొండయ్య ఇంటి నుంచి ఎవరూ రాలేదు. సంగతి తెలిసి ముఖం చెల్లక ఆ ముగ్గురు కుర్రాళ్ళూ రాలేదు. చదివిన తక్కిన మూడు ఇళ్ళ వాళ్ళు సరేసరి. పెంచుదామని బయలుదేరి ముప్పై మందిని పద్దెనిమిదికి దింపాను. మస్టరు చింపేస్తానన్నాను. సంతోషమ్మ గారు చెయ్యి పట్టుకుని ఆపింది. "సింపీకు. పేర్లుండనీ. ఆ పేర్లు ఒట్టుకునే ఇల్లిల్లూ తిరగాల. పద, సెప్పులేసుకో." అలా మొదటిసారి ఆమె వెనక నడిచాను.

కొండయ్య ఇల్లు కొండవాలులో, ఒకరి మెట్లు ఇంకొకరి గుమ్మంలోకి దిగే చోట. మొదటిసారి వెళ్తే మార్తమ్మ తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. రెండోసారి కూడా లోపలికి రమ్మనలేదు. మూడోసారి బుధవారం వెళ్ళాం, కొండయ్య ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో కూర్చుని స్టవ్వు వత్తులు మారుస్తున్నాడు. నేను మాటలు తడుముకుంటూ క్షమించమన్నాను. అతను తలెత్తకుండా, "తప్పేటుంది బాబు? నాను రానేదు. రానేదనే మీరు రాసినారు. నిజమే కదా రాసినారు" అన్నాడు. తిట్టినా బాగుండేది. స్టవ్వు పక్కకు జరిపి మళ్ళీ తనే, "నాకేటి బాదనేదు బాబు. మా గుంట మాత్రం రానంటంది. దాన్నడగండి" అన్నాడు.

పాతికేళ్ళ గుమాస్తాని, పన్నెండేళ్ళ పిల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. రూతు బడిపుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. "మా నాన్న రావట్లేదని అందరి ముందర సదివారు కదా. ఎందుకు రావట్లేదో అది కూడా అందరి ముందర సదవండి. ఇక్కడికొచ్చి నాకు సెప్తే ఏటవుద్ది?" అంది. మార్తమ్మ "ఓలమ్మా, ఊరుకోవే" అని కసిరింది. సంతోషమ్మ గారు మాత్రం, "ఉండు మార్తా. గుంట సరిగ్గానే సెప్పింది" అంది.

ఆ మరుసటి నెల మొదటి ఆదివారం అయ్యగారు చూస్తుండగా ఆరు చీటీలూ పట్టుకుని లేచాను. ఒక్కొక్కటీ చదివాను. ఏ ఆదివారం కొండయ్య ఎవరి డ్యూటీ చేశాడో, దానికి సంతకం ఎవరు పెట్టారో చదివాను. నా పేరు ఆరుసార్లు చదవాల్సి వచ్చింది. మెట్ల దగ్గర సగం లోపల సగం బయట నిలబడి రూతు వింటోంది. ఆఖరి చీటీ అయ్యాక వచ్చి తల్లి చోట్లో కూర్చుంది. కొండయ్య మరో రెండు వారాలకు వచ్చాడు, తలుపు పక్క చోటుకి. ముగ్గురు కుర్రాళ్ళలో ఇద్దరు తిరిగొచ్చారు. ఒకడు మరి రాలేదు. వాడి ముఖం నాకిప్పటికీ గుర్తే, పేరు పక్కన గీతలతో సహా.

ఆ తరవాత తొమ్మిది పదేళ్ళు, ఆఫీసు వదిలాక వీలైనప్పుడల్లా, ఆమె వెంట తిరిగాను. చదువుకున్న చదువేదీ నేర్పనిది ఆ సందుల్లో నేర్చుకున్నాను. రేవు షిఫ్టుల చార్టు నా చేత రాయించుకుని బైబిలు వెనక అట్టకు అంటించుకుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చినవాడి ఇంటికి పొద్దున వెళ్తే గుమ్మం బయటే ఆగి పెదాలు మాత్రం కదిలేలా ప్రార్థన చేసేది. "నిద్దరోనీ. ఆడికిప్పుడు అదే వాక్యం" అనేది. ఏ ఇంట్లోనూ ఎందుకు రాలేదని అడగలేదు. "రానేదేటని అడిగితే అబద్దమాడతారు, లేపోతే మల్లీ రారు" అని ఆమె సిద్ధాంతం. వెళ్ళి కూర్చుని, "ఏటొండినావే?" అనేది. ఆ ఒక్క ప్రశ్నతో అన్నీ బయటికొచ్చేవి. పొయ్యి రాజెయ్యలేదంటే ఒక కథ, మొగుడు తిండి మానేశాడంటే ఇంకో కథ, అత్తగారికి వేరుగా వండుతున్నానంటే మరొకటి. కథ విని, చేయగలిగింది చేసి, చేయలేనిదానికి ప్రార్థన చేసి లేచేది. ఆ మనిషి వచ్చే ఆదివారం వస్తే వచ్చినట్టు, లేకపోతే సోమవారం మళ్ళీ ఆమే.

సంఘం పెరిగిందా అని అడుగుతారు. కొంచెం పెరిగింది. ఒకప్పుడు చాపలు చాలక గోనెపట్టాలు పరిచాం. ఆ తరవాత ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై కొందరు అటు వెళ్ళిపోయారు, రేవులో పని తగ్గి కొందరు ఊళ్ళకు పోయారు, మళ్ళీ ముప్పైకి వచ్చాం. ఒకరోజు ఎండలో కొండమెట్ల మీద ఆమె ఉన్నట్టుండి కూర్చుండిపోయింది. పాదాలు వాచి చెప్పుల్లోంచి పొంగి ఉన్నాయి. "అలిసిపోనాను టైం బాబూ. ముప్పై ఏల్లు తిరిగినాను. ఒకలొత్తే ఇద్దరెల్లిపోతన్నారు" అంది. "మరెందుకండీ తిరగడం?" అన్నాను. "మరేటి సెయ్యను? ఆల్లు నాకోసం సూత్తంటారు కదా." కాసేపు ఊపిరి తీసుకుని నవ్వుతూ, "మీ టైం ఆఫీసులో నాకు రెండ్రోజులు లీవిప్పించకూడదేటి?" అంది. నేనూ నవ్వుతూ, "మీ పేరు మస్టరులో లేదు కదండీ, లీవెలా ఇస్తాం?" అన్నాను. ఇద్దరం బాగా నవ్వుకున్నాం. నా భుజం పట్టుకుని లేచి మిగిలిన మెట్లెక్కింది.

అది నిజమే. మస్టరులో అందరి పేర్లూ ఉన్నాయి. వారం వారం నేను హాజరు వేసుకున్న నా పేరు కూడా ఉంది. ఆమె పేరు లేదు. చాపలు పరిచే మనిషికి హాజరేమిటి, ఆమె లేకుండా ఆదివారమే లేదు కదా అని మొదట్లోనే రాయలేదు. ఆ తరవాత ఎన్ని పుస్తకాలు మారినా పాత పుస్తకం చూసి కొత్తది రాశాను.

ఎనభైల నడుమకు నాకు పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టి, కాపురం గోపాలపట్నానికి మార్చాను. ఆదివారాలు మాత్రం బస్సులో వన్ టౌన్ వచ్చేవాడిని. ఒక వేసవిలో వరసగా మూడు ఆదివారాలు సంతోషమ్మ గారు కనిపించలేదు. భీమిలి పక్క తమ్ముడింటికి వెళ్ళి ఉంటుందని ఎవరో అన్నారు, నేనూ అదే నమ్మాను. చాపలు ఎవరు పరిచారో గాని దులపలేదు, లేచి చూసుకుంటే పంచెలన్నీ ఎరుపే. ఆ పాటి చెయ్యి ఎవరికీ రాదా అని విసుక్కున్నాను. ఆ మూడు వారాల్లో రానివాళ్ళ పేర్లు మస్టరు చూసి రాసుకుని, నలుగురి ఇళ్ళకూ తిరిగాను. ఏం వండారని కూడా అడిగాను. ఆమె నేర్పిన పని ఆమె లేకపోయినా చేస్తున్నానని లోలోపల పొంగిపోయాను.

గురువారం పొద్దున టైం ఆఫీసు కిటికీ దగ్గర కొండయ్య నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది అప్పటికే. అతనికి ఇప్పుడు ఆదివారం రావడానికి అడ్డేమీ లేదు, అయినా ఆ రోజుల నుంచీ బుధవారం బుధవారం ఆమె వాళ్ళింటికి వెళ్ళి ఓ మాట చెప్పి వచ్చే అలవాటు మానలేదు. "మూడు బుదవారాలైంది బాబు, అమ్మ మా ఇంటికి రాక. నిన్న డ్యూటీ దిగి నానే ఎల్లినాను. కాలికి మేకు దిగిందట, కుల్లిపోయింది. ఒల్లు కాలిపోతంది. తమ్ముడింటికీ ఎల్లనేదు, ఏటీ నేదు, ఆ గదిలోనే పడుంది" అన్నాడు. "మీకు తెల్దా బాబు?" అని అడిగాడు. అందులో నింద లేదు. నిజంగానే అడిగాడు. ఇన్ని పేర్లు రాసుకునేవాడికి తెలిసే ఉంటుందనుకున్నాడు.

మందిరానికి ఆమె గది నాలుగు సందుల అవతల. పదేళ్ళలో నేను ఆ గది గుమ్మం తొక్కింది రెండుసార్లు. ఎప్పుడూ ఆమే వచ్చేది, మేమెవరమూ వెళ్ళలేదు. ఇంటావిడ రోజూ ఇంత గంజి పోస్తోందట. ఎవరికీ కబురు చేయొద్దని, అందరూ పనుల మీద ఉంటారని సంతోషమ్మ గారే ఆపిందట. కొండయ్యా నేనూ రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు కాలు చూసి, షుగరు చూసి, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని అరిచాడు. ఎవరి మీద అరిచాడో మరి, ఇద్దరం తలదించుకున్నాం.

పది రోజులు బతికింది. ఒక సాయంత్రం జ్వరం కాస్త దిగి, మంచం పక్కన కూర్చున్న నన్ను గుర్తుపట్టి, "ఈ వారం ఎవులు రానేదు బాబూ?" అంది. అలవాటు కొద్దీ జేబులో చీటీ తడుముకుని ఆగిపోయాను. "మీరే రాలేదమ్మా" అన్నాను. ఏడ్చాను. ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి, నవ్వడానికి ప్రయత్నిస్తూ, "నా పేరు మస్టరులో నేదు కదేటి" అంది. పగతో అన్న మాట కాదది. కొండమెట్ల మీద నేను చేసిన హాస్యాన్నే నన్ను ఓదార్చడానికి తిరిగిచ్చింది. నాకు మాత్రం ఆ ఓదార్పు ఇప్పటికీ అరగలేదు. తరవాత కళ్ళు మూసుకునే, "నాకూ ఒకలు రావాలని నాను ఎవులికీ సెప్పనేదు. అది నేర్పనేదు మీకు" అంది. ఆ తరవాత మాట్లాడిన మాటలు తెలియలేదు.

ఆమె పోయాక కొన్నేళ్ళకు గోడౌను అమ్మేశారు, ఆ సంఘం చెదిరిపోయింది. కొండయ్యా పోయాడు. రూతు సీతమ్మధారలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, ఎప్పుడైనా కనిపిస్తే "వందనాలు బాబుగారూ" అని నవ్వుతుంది. గోపాలపట్నంలో ఈ చిన్న సంఘాన్ని పట్టుకుని నేనింకా తిరుగుతూనే ఉన్నాను. అలిసిపోయాను. ఒకరొస్తే ఇద్దరు వెళ్ళిపోవడం మారలేదు. లిఫ్టుల్లేని మూడంతస్తులెక్కి తలుపు కొడితే, "ఆన్‌లైన్‌లో వింటున్నామండీ" అని గుమ్మంలోంచే పంపేస్తారు. ఏం వండారని అడిగితే ఎగాదిగా చూస్తారు. అయినా అడుగుతాను.

"అంకుల్, లిస్టు పెట్టేయమంటారా?" అన్నాడు సుధీర్. వద్దన్నాను. తొమ్మిది పేర్లూ కాగితం మీద రాసిమ్మన్నాను, ఇద్దరం తిరుగుదామన్నాను. అతను రాస్తుంటే మళ్ళీ తువ్వాలు తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. ఆఖరి వరస, గోడ వైపు చివరి కుర్చీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. దాని మీద దుమ్ము తక్కిన వాటికంటే మందంగా ఉంది. మూడు వారాలుగా జనం వచ్చి కూర్చుని తక్కిన కుర్చీలన్నీ ఎంతో కొంత తుడిచిపెట్టారు. ఈ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

"సుధీర్, ఈ కుర్చీ పైడమ్మది కదూ?" అన్నాను. శనివారం శనివారం వచ్చి ఈ కుర్చీలన్నీ తుడిచేది ఆమే. ఆదివారం ఆలస్యంగా వచ్చి చివర కూర్చుని, ప్రకటనలు చదవకముందే వెళ్ళిపోయేది. ఇంట్లో ఒప్పుకోక బాప్తిస్మం తీసుకోలేదు. నా పంచె నల్లబడింది మూడు వారాలుగా. కుర్చీ తుడవడానికి ఒక్క చెయ్యీ దొరకదని ఇందాక గొణుక్కున్నవాడిని నేనే. సుధీర్ ఫోను పైకీ కిందకీ జరిపి చూసి, "ఆవిడ మన లిస్టులో లేదంకుల్. మెంబరు కాదు కదా. ఇల్లెక్కడో కూడా ఎవరికీ తెలీదు" అన్నాడు.

తువ్వాలు అతని చేతిలో పెట్టి, కమ్మీ పట్టుకుని మెట్లు దిగాను. కింద టైర్ల షాపతను బండి చక్రానికి గాలి కొడుతున్నాడు. "బాబూ, శనివారాలు మా మందిరం తుడవడానికొచ్చే పైడమ్మ ఇల్లెక్కడో నీకేమైనా తెలుసా?" అని అడిగాను. గాలి ఆపి నా వైపు చూశాడు. అతనికి తెలుసు. ఎన్ని వారాలుగా రావడం లేదో కూడా తెలుసు.